కామ్ ఫాట్ కారు ఎడమకన్ను

"ఈ తెలుక్ ఇంతాన్ ఊళ్ళో నాకు తెలియకుండా ఒక్క నీటిచుక్క కదలదు. కదిలిందంటే ఎక్కణ్ణుంచి కదిలిందో, ఎవరికోసం కదిలిందో, ఏ పాపం కడగడానికి కదిలిందో మూడూ చెప్పేస్తాను. నేరస్థుడు పులి అయితే నేను అడవిని. నేరస్థుడు చేప అయితే నేను పులుసుని."

హమ్దాన్ ఈ మాటలు గుండెల మీద చెయ్యేసుకుని, కామ్ ఫాట్ ఇంటి పోర్టికోలో, పాత కారు ముందు నిలబడి చెప్పాడు. విన్నది ఇద్దరు. ఒకరు కామ్ ఫాట్, రెండోది పిల్లి. పిల్లి లేచి పక్కింటికి వెళ్ళిపోయింది.

"పులుసు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు కామ్ ఫాట్. "ముందు నా కన్ను వెతికిపెట్టరా."

"ఉపవాసంలో ఉన్నవాడి ముందు పులుసు మాట ఎత్తుతావేంరా?"

"ఎత్తింది నువ్వే."

"చూశావా, మాట మార్చేస్తున్నావు. రాసుకుంటున్నాను," అని హమ్దాన్ జేబులోంచి పుస్తకం తీశాడు.

ఈ హమ్దాన్ ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఎవరింట్లో ఏ మూల కుళాయి ఉందో అతనికి తెలుసు. ఉద్యోగం అయిపోయాక ఆ తెలివిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక డిటెక్టివ్ అయ్యాడు. ఊరి నడుమ గడియారస్తంభం ఒక పక్కకి వాలిందన్న సంగతి మొదట కనిపెట్టింది తానేనంటాడు. అది వాలేనాటికి వాళ్ళ నాన్నే పుట్టలేదు. ఆ సంగతి ఎవరైనా అంటే, "అందుకే ఆ కేసు అంత పాతబడిపోయింది," అంటాడు.

కామ్ ఫాట్ లారీ డ్రైవరు చేసి మానేసినవాడు. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. లోరోంగ్ మెలూర్ వీధిలో హమ్దాన్‌కి ముప్పై ఏళ్ళుగా స్నేహితుడంటే ఆ ఓపిక ఏపాటిదో ఊహించుకోవచ్చు.

పోయిన కన్ను సంగతి ఇది.

కామ్ ఫాట్ దగ్గర ఇరవై ఏడేళ్ళ నాటి కారు ఒకటుంది. ఒకప్పుడు నీలం రంగు. అతని భార్య మూయ్ లాన్ పొద్దున సంతలో ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి చుట్టలు అమ్ముతుంది. తెల్లవారకముందే ఆవిరి డబ్బాలు రెండూ వెనక సీట్లో పెట్టుకుని ఇద్దరూ బయల్దేరతారు. కారు బాగానే నడుస్తుంది గానీ ఎండకి మాడి మాడి హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడిపోయాయి. లైటు వేస్తే రోడ్డు మీద వెలుగు పడదు, గుడ్డుసొన ఒలికినట్టు కాస్త పసుపు పడుతుంది. పోయిన వారం చీకట్లో ఒక గేదె రోడ్డు మీదకి వచ్చింది. కామ్ ఫాట్ చూడలేదు. గేదే పక్కకి తప్పుకుంది.

"గేదెకి మనం కనపడ్డాం. మనకి గేదె కనపడలేదు," అంది మూయ్ లాన్. "ఇంక చాలు. శనివారం సాయంత్రం మసీదులో బాంగు వినపడేలోపల దీనికి రెండు కళ్ళూ సమానంగా వెలగాలి. వెలిగితే ఆదివారం ఇందులోనే వస్తాను. వెలగకపోతే అప్పలసామి లారీ ఎక్కిస్తాను."

అప్పలసామిది పాత ఇనుము వ్యాపారం. బాగాన్ దాతో నుంచి లారీ వేసుకుని వస్తాడు. అతని లారీ ఎక్కిన కారు మళ్ళీ కారుగా దిగదు.

 కామ్ ఫాట్‌కి కూతురు పుట్టినప్పుడు ఆ పసిగుడ్డుని ఆసుపత్రి నుంచి తెచ్చింది ఆ కారులోనే. మూయ్ లాన్ మొదటిసారి సంతకి వెళ్ళిందీ అందులోనే. అవన్నీ చెప్పడం చేతగాక, ఉప్పుకాగితం కొనుక్కొచ్చాడు.

కుడికన్ను అతనే బాగుచేశాడు. చుట్టూ రంగు గీసుకుపోకుండా టేపు అంటించి, అద్దం మీద నీళ్ళు పోస్తూ ఎనిమిది వందల నంబరు కాగితంతో రుద్దాడు. తర్వాత పదిహేను వందలు, ఆ తర్వాత రెండు వేలు. అద్దం మజ్జిగ పోసినట్టు తెల్లబడింది. మూయ్ లాన్ చూసి, "నిన్నటిదాకా పచ్చకామెర్లు. ఇప్పుడు శుక్లం," అంది. కామ్ ఫాట్ పళ్ళు తోముకునే పేస్టు తెచ్చి, పాత బనీను ముక్కతో గంటసేపు తోమాడు. అప్పుడు అద్దం తేటపడింది. ఆ సాయంత్రమంతా దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూచున్నాడు.

ఎడమకన్ను అలా లొంగలేదు. అది పగిలి, లోపలికి నీరు దిగింది. అద్దమే మార్చాలి. ఈపో పట్నం వెళ్ళి పాత కార్ల సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. చివరి కొట్టువాడు అటక మీంచి ఒక అద్దం దించి, దుమ్ము ఊది, "ఈ మోడల్‌కి ఎడమది ఇంక ఇదొక్కటే. ఇది పోతే దేవుణ్ణే అడగాలి," అన్నాడు.

పాత అద్దం ఊడాలంటే దాన్ని పట్టుకున్న నల్లజిగురు మెత్తబడాలి. అందుకు లైటు మొత్తం విప్పి ఓవెన్‌లో సన్నసెగ మీద పెట్టాలి. మూయ్ లాన్‌కి ఓవెన్ లేదు. హమ్దాన్ భార్య రొగాయాకి ఉంది. పండక్కి బిస్కెట్లు కాల్చి అమ్ముతుంది. హమ్దాన్ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా కామ్ ఫాట్ తువ్వాలులో లైటు చుట్టుకుని దొడ్డిదారిన వెళ్ళి, పని కానిచ్చుకుని వచ్చి, అద్దం లేని డొక్కుని మళ్ళీ కారుకి బిగించాడు. ఆ తర్వాత కాల్చిన బిస్కెట్లు రెండు పళ్ళేలు సైకిల్ టైరు వాసన కొట్టాయి. హమ్దాన్ దాని మీద ఒక కేసు తెరిచాడు. అది ఇంకా తేలలేదు. రొగాయా నోరెత్తలేదు. కామ్ ఫాట్ అసలే ఎత్తలేదు.

ఇక శనివారం. మధ్యాహ్నం నాలుగు గంటలకి కామ్ ఫాట్ కొత్త అద్దాన్ని గిన్నెల సబ్బుతో కడిగి, పక్కింటికీ తనింటికీ మధ్యనున్న పిట్టగోడ మీద ఆరడానికి బోర్లించాడు. జిగురు గొట్టం కోసం లోపలికి వెళ్ళాడు. పోకూడదని అతను చాలా భద్రంగా దాచుకోవడం వల్ల ఆ గొట్టం దొరకడానికి పావుగంట పట్టింది. బయటికి వచ్చేసరికి గోడ ఉంది, అద్దం లేదు.

"పోయిన వస్తువు ఆనవాళ్ళు చెప్పు," అన్నాడు హమ్దాన్.

"జానెడున్నర పొడుగు. పడవలా లోతుగా ఉంటుంది. నిలువుగీతలు. అంచుకి నాలుగు చెవులు."

"నాలుగు చెవులున్న కన్ను." హమ్దాన్ రాసుకున్నాడు. "ఫాట్, నువ్వు తట్టుకోగలవా? ఇది మామూలు దొంగతనం కాదు. సముద్రాలు దాటిన ముఠా. ఇవాళ కారు కళ్ళు. రేపు లారీ కళ్ళు. ఎల్లుండి మనుషులవి."

"అంతదాకా ఎందుకురా, గోడ మీంచి ఎవరు తీశారో చూడు చాలు."

"చిన్నగా ఆలోచించే వాళ్ళింట్లోనే పెద్ద నేరాలు జరుగుతాయి," అంటూ హమ్దాన్ వంగి వీధి కాలువలోకి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. "తెల్లటి నీళ్ళు."

"అది..."

"ఉష్. విషం. రుచి చూస్తే ఏ దేశపు విషమో చెప్పేస్తాను, కానీ ఉపవాసంలో ఉన్నాను. నువ్వు చూడు."

"నేను చూడను."

"అప్పుడు జాడ పట్టుకుని పోవాల్సిందే. మీటరు చూసినవాడికి నీళ్ళు అబద్ధం చెప్పవు."

నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చూడకుండా హమ్దాన్ పల్లం వైపు నడిచాడు. వీధి చివరిదాకా వెళ్ళాడు. అక్కడ కాలువ పెద్దకాలువలో కలిసింది. "తప్పించుకోవడానికి మంచి చోటే ఎంచుకున్నాడు," అని మెచ్చుకుని, మళ్ళీ ఎగువకి తిరిగాడు. వంగిన నడుము ఎత్తకుండా పన్నెండు గడపలు దాటాడు. ఒక కుళాయి ముందు తెల్లజాడ ఆగింది. హమ్దాన్ కుళాయి పట్టుకుని, కళ్ళు మూసుకునే చెప్పాడు.

"దొరికావురా నీచుడా. ఈ ఇల్లు ఎవరిది?"

"నాది," అన్నాడు కామ్ ఫాట్. "ఆ తెల్లనీళ్ళు నేను ఇవాళ మళ్ళీ కుడికన్ను తోమిన పేస్టు. ఇందాకట్నించీ చెబుదామంటే ఉష్ అంటున్నావు."

హమ్దాన్ కళ్ళు తెరిచాడు. ఏమాత్రం తగ్గలేదు. "మంచిది. అనుమానితుల్లోంచి నిన్ను కొట్టేశాను. కేసు సగం తేలినట్టే."

అప్పటికి అయిదయింది.

"ఇప్పుడు నా రెండో సూత్రం," అన్నాడు హమ్దాన్. "నేరం చేసినవాడు చెయ్యి కడుక్కుంటాడు. చెయ్యి కడిగితే మీటరు తిరుగుతుంది. ఏ ఇంటి మీటరు తిరుగుతుంటే ఆ ఇంట్లోనే నేరస్థుడు."

పిట్టగోడ అవతలి ఇంట్లో మీటరు గిర్రున తిరుగుతోంది. అది ఓపా ఎసా ఇల్లు. ఓపా అంటే ఆ జిల్లాలో నాయనమ్మ. ఎనభై నాలుగేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఉపవాసాల నెలలో రోజూ మధ్యాహ్నం కొబ్బరిపాలల్లో అరటిపళ్ళు ఉడికించి, తాటిబెల్లం వేసి వీధికంతా పంచుతుంది. ఇప్పుడు కుళాయి కింద కుండ తోముతోంది.

"ఓపా, ఇవాళ నాలుగు గంటలకి ఈ గోడ దగ్గర ఏం చూశారు?" అన్నాడు హమ్దాన్.

ఓపా చెయ్యి ఆగిపోయింది. "నా కళ్ళకి నువ్వే సగం కనపడుతున్నావు. నేనేం చూస్తాను నాయనా."

"ఏదో చూశారు."

"చూస్తే చూశాను. చెప్పను." ఓపా గొంతు తగ్గించింది. "మంచి ఇంటి సంగతి. ఆ పిల్ల పరువు పోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడు ఇలా చెయ్యలేదు పాపం. ఏ కష్టంలో ఉండి చేసిందో. నేను ఎవరికీ చెప్పకుండా సర్దేశాను. నువ్వు అడగొద్దు."

"ఏ పిల్ల?"

ఓపా మొహం పిట్టగోడ వైపు, కామ్ ఫాట్ ఇంటి వంటింటి వైపు తిరిగింది. కామ్ ఫాట్‌కి ఆ చూపు నచ్చలేదు.

వీధిలోకి వచ్చాక హమ్దాన్ అతని భుజం మీద చెయ్యేశాడు. "గుండె రాయి చేసుకో ఫాట్. ఈ ఇంట్లో కారు పోవాలని కోరుకుంటున్నది ఎవరు?"

"నోర్ముయ్."

"లారీకి కబురు పెట్టింది ఎవరు?"

"హమ్దాన్, నోర్ముయ్ అన్నాను."

"నేను ముయ్యగలను. నిజం ముయ్యదురా."

కామ్ ఫాట్ అతని చెయ్యి భుజం మీంచి తోసేశాడు. కానీ ముల్లు గుచ్చుకుంది. మూయ్ లాన్ అలా చేస్తుందా? వద్దనుకుంటే మొహం మీదే వద్దంటుంది. అయినా గేదె వచ్చిన రోజున ఆమె సంతదాకా కారు తలుపు పిడి వదల్లేదు. భయపడ్డ మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

రెండో మీటరు లీలామణి టీచరుగారింట్లో తిరుగుతోంది. తమిళ బడిలో నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు. పప్పు గారెలు వేయించడం ముగించి గిన్నెలు కడుగుతోంది. ఇల్లంతా సోంపు, ఉల్లిపాయల వాసన. హమ్దాన్ గుమ్మం పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఏం కావాలి?" అంది టీచరుగారు.

"గారె... అంటే, నిజం కావాలి. ఆ కళ్ళద్దాలు తీయండి. అద్దం పోయింది, మీ మొహాన రెండు అద్దాలున్నాయి. అంత మందం అద్దాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

టీచరుగారు కుళాయి కట్టేసింది. "గోడ దగ్గరికెళ్ళి నిలబడు."

"నేను విచారణ చేస్తున్నా..."

"నిలబడమన్నాను."

హమ్దాన్ నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలియదు. టీచరుగారు కామ్ ఫాట్ వైపు తిరిగింది.

"ఓపా ఇప్పుడే అరటిపళ్ళ పాయసం పంపింది. ఆ గిన్నె కడిగి గారెలు పెట్టి వీళ్ళింటికే పంపాను. నేను పంపిన గారెలు తింటూ నన్నే దొంగంటాడా?"

"ఇంకా తినలేదండీ, ఏడుంపావు దాకా ఆగాలి," అన్నాడు హమ్దాన్ గోడకేసి.

"మాట్లాడమన్నానా?"

ఆరున్నరకి గానీ వదల్లేదు. బయటికి వచ్చాక కూడా హమ్దాన్ కాసేపు చేతులు కట్టుకునే నడిచాడు. మూడో మీటరు దగ్గరికి వచ్చేసరికి ధైర్యం తిరిగి వచ్చింది. మీటరు మూత ఎత్తి, ముల్లు చూసి, గర్జించాడు.

"తిరుగుతోంది ఫాట్. గానుగెద్దులా తిరుగుతోంది. అసలు దొంగ ఈ ఇంట్లోనే ఉన్నాడు. నా ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం మీద ఒట్టు."

"తల ఎత్తి చూడు," అన్నాడు కామ్ ఫాట్.

హమ్దాన్ తల ఎత్తాడు. తన గుమ్మం. తన చెప్పులు. లోపల కుళాయి కింద రొగాయా ఏదో గిన్నె కడుగుతున్న చప్పుడు.

హమ్దాన్ మూత మెల్లగా వేసేశాడు. "మీటరు చెడిపోయింది," అన్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి."

అంతలో లోపల్నుంచి రొగాయా కేక వేసింది. "ఏమయ్యా, వచ్చావా? టీచరుగారు గారెలు పంపారు. ఆ గిన్నెలో పెసలజావ పోశాను, మూయ్ లాన్ వాళ్ళింటికి పట్టుకెళ్ళు. లారీ వస్తుందట కదా, ఆ అమ్మాయి మనసేం బాగుండదు. ఇవాళ అక్కడే ఇఫ్తార్ చేద్దాం. గిన్నె ఎవరిదో గుర్తు లేదు, గుర్తు లేని గిన్నె వీధిలో తిరిగితే పోతుందని నా గోళ్ళరంగు చుక్క పెట్టాను."

హమ్దాన్ రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. అడుగున పళ్ళెం, పైన గుడ్డ కప్పి ఉంది. వేడి అరచేతుల్లోకి దిగింది. కొబ్బరిపాలు, తాటిబెల్లం వాసన ముక్కులోకి ఎక్కింది. అతను ఆ గిన్నెని చంటిబిడ్డలా గుండెకి ఆనించుకుని వీధి వెంట నడిచాడు. పక్కన కామ్ ఫాట్ నేల చూపులు చూస్తూ నడిచాడు. 

ఇంటి ముందు లారీ ఆగి ఉంది. అప్పలసామి దిగి, కారు చుట్టూ తిరుగుతూ రేకు మీద తట్టి చూస్తున్నాడు. ఆ ఊళ్ళో యజమానిని తవుకే అంటారు.

"ఏటి తవుకే, బండి ఇచ్చేత్తారా, ఉంచుకుంటారా? ఏదో ఒకటి సెప్పండి. నాకు చీకటి పడిపోతాది."

హమ్దాన్ గిన్నెని పోర్టికోలో బల్ల మీద దించి, అప్పలసామి ముందుకు వచ్చాడు. "కదలకు. ఈ కారు ఎడమకన్ను పీకింది నువ్వే."

"నాను బండికి బండే అట్టుకుపోతాను బాబూ. కన్నొక్కటీ పీకి ఏటి సేసుకుంటాను, తాయెత్తు కట్టుకుంటానా?"

హమ్దాన్ ఆలోచించాడు. అది నిజమే అనిపించింది. కోపం ఎటు తిప్పాలో తెలియక, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మూయ్ లాన్ వైపు తిప్పాడు.

"అయితే మిగిలింది ఒక్కరే. చెల్లెమ్మా, ఓపా అంతా చూసింది. ఒప్పేసుకో."

"ఏం ఒప్పుకోవాలి?"

"అద్దం నువ్వే దాచావని."

మూయ్ లాన్ హమ్దాన్‌ని చూడలేదు. మొగుణ్ణి చూసింది. "నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

కామ్ ఫాట్ వెంటనే లేదనాల్సింది. అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషమే ఎక్కువైంది.

"నాకు కారు వద్దంటే నీళ్ళ ట్యాంకు మీదెక్కి వద్దని అరుస్తాను," అంది మూయ్ లాన్. "దొంగచాటుగా అద్దం దాచే మనిషినా? ఇరవై ఏడేళ్ళు పక్కసీట్లో కూచున్నాను. నా నడుము ఆకారం ఆ సీటుకి తెలుసు, నీకు తెలియలేదు." కొంగు లేదు గాబట్టి చేతిలోని గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. "ఇంక ఉంచినా నేనెక్కను. తీసుకుపో అప్పలసామీ."

అప్పలసామి కదల్లేదు. కొట్లాట మధ్యలో బేరం చేసేవాడు కాదు.

అప్పుడే మసీదులో బాంగు మొదలైంది.

ఎంత కొట్లాటైనా బాంగు ముందు ఆగాల్సిందే. రొగాయా వచ్చి బల్ల దగ్గర ఖర్జూరాలు, గారెలు, నీళ్ళు పెట్టింది. హమ్దాన్ ఖర్జూరం నోట్లో వేసుకుని, ఎవరికీ వడ్డించకుండానే గిన్నె మీద గుడ్డ లాగేశాడు. చెంచా కోసం చూశాడు. లేదు. గిన్నెనే రెండు చేతులా ఎత్తాడు.

కామ్ ఫాట్ ఇదేమీ చూడటంలేదు. కారు తలుపు తీసి, కూచుని, స్టీరింగు మీద చెయ్యేశాడు. "అప్పలసామీ, ఒక్క మాట. కుడికన్ను నేను నా చేత్తో తోమాను. దాన్ని నుజ్జు చెయ్యకు. ఎవరికైనా పెట్టు. ఎలా వెలుగుతుందో చూడు." అని లైట్ల మీట నొక్కాడు.

కుడికన్నులోంచి తెల్లటి వెలుగు చక్కగా రోడ్డు మీద పడింది. అద్దం లేని ఎడమకన్నులోంచి మాత్రం వెలుగు ఎటు పడితే అటు చిందింది. ఆ వెలుగుకి అడ్డంగా, కారుకి ఎదురుగా హమ్దాన్ నిలబడి ఉన్నాడు. జావ అయిపోయింది. అడుగున మిగిలిన తాటిబెల్లం కోసం గిన్నెని మొహం మీదకి బోర్లించుకుని, లోపలంతా నాలుకతో గీకి, ఇంకేమీ లేదని నిర్ధారించుకోవడానికి వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు.

చిందిన వెలుగు గిన్నెలోంచి దూరి, సర్దుకుని, గేటు మీద తెల్లటి పట్టీలా తిన్నగా పడింది. కుడిదాని పక్కనే. దానికి సమానంగా.

 మొదట మాట్లాడింది అప్పలసామి. వెయ్యి కార్లు నుజ్జు చేసిన చెయ్యి అది, అద్దాన్ని ఎరగకుండా ఉండదు.

"ఏటండీ ఇది," అన్నాడు మెల్లగా, "ఈ బాబు లైటులో బోంచేస్తన్నాడు."

కామ్ ఫాట్ కారులోంచి దిగి వచ్చి, హమ్దాన్ చేతులు పట్టుకుని గిన్నెని తిప్పి చూశాడు. జానెడున్నర పొడుగు. పడవలా లోతు. నిలువుగీతలు. నాలుగు చెవులు. ఒక చెవి పక్కన ఎర్రటి గోళ్ళరంగు చుక్క.

హమ్దాన్ మూతి చుట్టూ పెసలజావ తుడుచుకున్నాడు. "ఎవరూ కదలకండి," అన్నాడు. "ఇది నాకు మొదట్నుంచీ తెలుసు. సాక్ష్యం చేతులు మారకుండా కాపలా కాస్తున్నాను."

"కాపలా కాయలేదు, నాకావు," అంది రొగాయా.

పిట్టగోడ అవతల అలికిడైంది. గొడవ విని ఓపా ఎసా కర్ర పట్టుకుని వచ్చింది. "మూయ్ లాన్, ఏడవకే పిల్లా. నేనెవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు ఓపా?"

ఓపా నలుగుర్నీ చూసి, ఇంక దాచి లాభం లేదనుకుంది. "ఎన్నో ఏళ్ళుగా మనిద్దరి మధ్యా గిన్నెలు తిరుగుతున్నాయి. ఒక్కసారైనా ఖాళీ గిన్నె తిప్పి పంపలేదు నువ్వు. కనీసం నాలుగు మిరపకాయలైనా వేసి పంపేదానివి. ఇవాళ గోడ మీద గిన్నె చూస్తే ఖాళీ. కడిగి బోర్లించి పెట్టావు. కారు దిగులులో మరిచిపోయిందిలే, నలుగురికీ తెలిస్తే పిల్ల పరువేం కావాలి అని, గబగబా పాయసం పోసి టీచరింటికి పంపేశాను. ఈ మీటరు మనిషి వచ్చి గుచ్చి గుచ్చి అడిగాడు. నేను చెప్తానా?"

 మూయ్ లాన్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ కారు బానెట్ మీద వాలిపోయింది. రొగాయా నవ్వింది. అప్పలసామి లారీ మెట్టు మీద కూచుని తలపాగా తీసి నవ్వాడు. కామ్ ఫాట్ మాత్రం నవ్వలేదు. భార్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఏదో చెప్పాలి. చెప్పడం అతనికి రాదు.

"అర నిమిషం," అన్నాడు చివరికి. "తప్పే."

"రేపు ఆవిరి డబ్బాలు రెండూ నువ్వే మొయ్యాలి," అంది మూయ్ లాన్.

"మోస్తాను."

"ఎల్లుండి కూడా."

"మోస్తాను."

"అయితే నించున్నావేం, జిగురు పెట్టు. జావ కడిగి పెట్టు. చీమలు పడతాయి."

హమ్దాన్ గొంతు సవరించుకున్నాడు. "గమనించారా? ఓపా మీటరు, టీచరుగారి మీటరు, మా ఇంటి మీటరు. గిన్నె ఏ ఇంటి మీదుగా పోయిందో ఆ ఇంటి మీటరే తిరిగింది. నా సూత్రం ఒక్క చోట కూడా తప్పలేదు."

ఆ మాట నిజమే. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది హమ్దానే. మీటరు చెడిపోయిందన్నది మాత్రం పుస్తకంలోంచి కొట్టేశాడు.

లైటు డొక్కులో అద్దం కూర్చుతుంటే అతను ఊరికే ఉండలేక ముక్కు దూర్చాడు. పాత నల్లజిగురు వాసన తగిలింది. ముక్కు ఎగబీల్చాడు. "ఫాట్. ఈ వాసన... మా బిస్కెట్లు..."

"ఏమయ్యా, గారెలు అయిపోతున్నాయి," అంది రొగాయా చప్పున.

హమ్దాన్ గారెల వైపు తిరిగాడు. ఆ కేసు అలాగే ఉండిపోయింది.

అప్పలసామి రెండు గారెలు తిని, మరో రెండు కాగితంలో చుట్టించుకుని, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున కామ్ ఫాట్ ఆవిరి డబ్బాలు రెండూ మోసి వెనక సీట్లో పెట్టాడు. మూయ్ లాన్ పక్కసీట్లో కూచుంది. లైటు వేస్తే వీధి చివరిదాకా కనపడింది. కాలువ గట్టు మీద పడుకున్న పిల్లి కనపడింది. దాని మీసాలు కూడా కనపడ్డాయి. కారు మెల్లగా హమ్దాన్ ఇంటి ముందుకి వచ్చేసరికి, ఉపవాసం ముందు భోజనానికి లేచిన రొగాయా గేటు దగ్గర నిలబడి ఉంది. ఎడమకన్ను అంచున ఎర్రచుక్క ఆమెకి కనపడింది. మూయ్ లాన్ గోకేద్దామంటే కామ్ ఫాట్ ఒప్పుకోలేదట.

"ఏమయ్యా, బయటికి రా," అని రొగాయా లోపలికి కేక వేసింది. "నా గుర్తున్న గిన్నె సంతకి పోతోంది."

మూయ్ లాన్ కారు ఆపించింది. కిటికీ అద్దం దించి, వేడివేడి బియ్యప్పిండి చుట్టలు ఒక పొట్లం రొగాయా చేతిలో పెట్టింది.

"గిన్నె తిరిగి రాదు," అంది. "కానీ ఖాళీగా పోనివ్వనులే."